మాత్ర ఆపకండి, మాట దాచకండి



కడప జిల్లా ప్రొద్దుటూరులోని జిల్లా ఆసుపత్రిలో గానీ, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వాసుపత్రుల్లో గానీ, గర్భిణులకు పరీక్షలు జరిగే రోజున వరండా నిండిపోయి ఉంటుంది. కాళ్ల వాపులు, నడుము నొప్పి, వాంతులు, రాత్రి నిద్ర పట్టకపోవడం, బిడ్డ తన్నడం, ఇవన్నీ ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు. ఒక ఇబ్బంది మాత్రం అంత తేలిగ్గా నోటికి రాదు. నాలుగు రోజులైంది దొడ్డికి రాక, వచ్చినా ప్రాణం పోయినంత పనవుతోంది అని చెప్పుకోవాలంటే అత్త దగ్గర సిగ్గు, భర్త దగ్గర మొహమాటం. డాక్టరు దగ్గర చెబుదామంటే వెనకాల వరుసలో పదిమంది నిలబడి వింటుంటారు. బి.పి. చూస్తారు, రక్తం పరీక్ష చేస్తారు, బిడ్డ గుండె చప్పుడు వింటారు, మళ్లీ నెల రమ్మంటారు. ఆమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఇబ్బంది ఆమెతోపాటే బస్సెక్కి ఇంటికి తిరిగి వస్తుంది.

ఈ రోజు ప్రసంగం ఆ ఇబ్బంది గురించే. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే మలబద్ధకం గురించి.

ఇది అరుదైన జబ్బు కాదు. అసలు జబ్బే కాదనుకోవచ్చు చాలామంది విషయంలో. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు చూస్తే 100 మంది గర్భిణుల్లో 11 మంది నుంచి 38 మంది దాకా దీనితో బాధపడుతున్నట్టు తేలింది. రోజూ రాకపోతే మలబద్ధకం అని చాలామంది అనుకుంటారు. వైద్యుల లెక్క వేరు. వారానికి మూడుసార్ల కంటే తక్కువ కావడం, గట్టిగా ఉండలుగా రావడం, ప్రతిసారీ బాగా ముక్కవలసి రావడం, అయ్యాక కూడా ఇంకా మిగిలిందన్న భావం పోకపోవడం, ఇవి కనిపిస్తే మలబద్ధకం. రోజు విడిచి రోజు అయినా సుఖంగా అవుతుంటే బెంగపడాల్సిన పని లేదు.

గర్భిణికే ఎందుకిలా? నెల తప్పిన తొలి వారాల నుంచే ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. గర్భసంచి బిగుసుకోకుండా, లోపలి బిడ్డ నిలిచేలా చూసేది అదే. అయితే గర్భసంచి గోడలో ఉన్న కండరమూ పేగు గోడలో ఉన్న కండరమూ ఒకే జాతివి. దాన్ని సడలించమని వచ్చిన కబురు దీనికీ చేరుతుంది. పేగు కదలిక మందగిస్తుంది. తిన్నది పెద్దపేగులో ఎక్కువ సేపు నిలిచిపోతుంది. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని నీటిని పీల్చుకోవడం. నిలిచినకొద్దీ ఇంకా పీలుస్తుంది, మలం ఎండి గట్టిపడుతుంది. ఏడో నెల దాటాక పెరిగిన గర్భసంచి బరువు కూడా పేగు మీద పడుతుంది. తొలి నెలల్లో వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒక కారణం. ఆ వాంతులు ఆగడానికి ఇచ్చే ఆండాన్‌సెట్రాన్ మాత్ర కూడా మలాన్ని బిగిస్తుందని చాలామందికి తెలియదు. కాబట్టి ఇది ఆమె తిండి తిప్పల్లో చేసిన తప్పు కాదు, ఒళ్లు బిడ్డ కోసం చేసుకున్న సర్దుబాటులో వచ్చిన ఇబ్బంది. ఇంట్లో పెద్దవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. అది ఎర్రమాత్ర సంగతి.

నాలుగో నెల నుంచి ప్రతి గర్భిణికీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఈ ఎర్రటి ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పు అయ్యేలోగా కనీసం 180 మాత్రలు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలని 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెబుతోంది. రక్తం తక్కువగా ఉన్నవారికి రోజుకు రెండు మాత్రలు ఇస్తారు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి. అదే సర్వేలో మరో అంకె ఉంది. దేశంలో 180 రోజులూ మాత్రలు వేసుకున్న తల్లులు 26 శాతమే. మాత్రలు ఊరూరా పంచుతూనే ఉన్నారు. పల్లెలో ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తోంది. మరి అవి ఎక్కడికి పోతున్నాయి?

బియ్యం డబ్బా వెనకాల, బీరువాలో చీరల కింద ఉంటున్నాయి. ఎందుకంటే ఈ మాత్రలోని ఇనుములో కొంత భాగమే ఒంటికి పడుతుంది. మిగిలింది పేగులోనే ఉండి మలాన్ని నల్లగా మారుస్తుంది, కొందరికి గట్టిగా బిగిస్తుంది, కొందరికి వికారం తెస్తుంది. "ఆ ఎర్రమాత్ర ఏసుకున్నెప్పటి నుంచి కడుపు కట్టేసిందక్కా" అని ఆశా కార్యకర్తతో అనే ఆడబిడ్డ అబద్ధం చెప్పడం లేదు. ఆమె అనుభవం నిజం. దానికి ఆమె కనిపెట్టుకున్న మార్గమే ప్రమాదం. మాత్ర ఆపేస్తుంది. ఆపిన నాలుగు రోజులకు కడుపు తేలికవుతుంది. అంతా బాగైందనుకుంటుంది. లోపల రక్తం తగ్గుతున్న సంగతి పైకి కనిపించదు. కాన్పులో రక్తం ఎక్కువగా పోయినప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఈ మాత్రలోని ఫోలిక్ యాసిడ్ వెనక మన దేశపు కథ ఒకటి ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పట్టి పీడిస్తున్న తీవ్రమైన రక్తహీనతను పరిశోధించారు. ఈస్టు సారంతో ఆ ఆడవాళ్లు కోలుకుంటున్నారని కనిపెట్టి 1931లో ప్రకటించారు. అందులో పనిచేసిన పదార్థాన్నే తర్వాత ఫోలేట్ అన్నారు. కష్టపడి పనిచేసుకునే పేద గర్భిణుల కోసం సాగిన పరిశోధనలోంచి పుట్టిన మందు, మగ్గాల ఊళ్లైన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, దొమ్మరనంద్యాలల్లో ఇంటి మూలన పడి ఉండకూడదు.

మాత్ర ఆపకుండా కడుపు తేలిక చేసుకునే దారి ఉందా? ఉంది. సగం దారి వంటింట్లోనే ఉంది, అదీ మన రాయలసీమ వంటింట్లో.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల తిండి ఒకప్పుడు ఒకే తీరుగా లేదు. ప్రొద్దుటూరు చుట్టుపక్కలకు పంతొమ్మిదో శతాబ్దంలోనే కర్నూలు–కడప కాలువ నీళ్లు వచ్చాయి, వరి మళ్లు వచ్చాయి. జమ్మలమడుగు నల్లరేగళ్లలో జొన్న, పత్తి, బుడ్డశనగ. పులివెందుల మెట్టల్లో జొన్న, సజ్జ, కొర్ర, శనక్కాయ. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం ఇంటింటి రోజువారీ తిండి. వరన్నం పండగకో, చుట్టాలొస్తేనో వండుకునే ఇళ్లు ఎన్నో ఉండేవి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పేదవాడి ఇంట ఆకలి తగ్గించిన గొప్ప పథకం అది, అందులో సందేహం లేదు. అదే సమయంలో మెట్ట ప్రాంతపు కంచం కూడా తెల్లబడుతూ వచ్చింది. పొద్దున బొరుగుల ఉగ్గాణి, బజ్జీ, లేదా ఎర్రకారం పూసిన దోసె. మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. సంగటి ఇప్పుడు హోటల్లో నాటుకోడి పులుసుతో తినే ప్రత్యేక వంటకంగా మారింది.

దీనివల్ల పోయిందేమిటో అంకెల్లో చూడొచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు. అంతే తూకం రాగుల్లో 11 గ్రాముల పైన, సజ్జల్లో 11 గ్రాముల పైన, జొన్నల్లో 10 గ్రాముల పైన. దాదాపు నాలుగింతలు. కందిపప్పులో 9 గ్రాములు. రాజుపాళెం, జమ్మలమడుగు రేగళ్లలో బస్తాలకొద్దీ పండే శనగలను పొట్టుతో తింటే 25 గ్రాముల దాకా పీచు. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కడుపులోకి పోవాలన్నది వైద్యులు సాధారణంగా చెప్పే మాట. మూడు పూటలా తెల్లన్నమే తినే ఆమెకు అందులో సగమైనా అందడం కష్టం.

పీచు పేగులో ఏం చేస్తుందో ప్రపంచానికి గట్టిగా చెప్పిన మనిషి డెనిస్ బర్కిట్. ఐర్లండులో పుట్టిన ఈ సర్జను చాలా ఏళ్లు ఉగాండాలో పనిచేశారు. ఇంగ్లండులో నిత్యం చూసే మలబద్ధకం, మొలలు, పేగు జబ్బులు అక్కడి పల్లెల్లో ఎందుకు అంత తక్కువగా ఉన్నాయన్న ప్రశ్న ఆయన్ను వెంటాడింది. తోటి పరిశోధకులతో కలిసి వివిధ దేశాల్లో వందల మందిని పరీక్షించి 1972లో ఫలితాలు ప్రచురించారు. ముతక ధాన్యం తినే ఆఫ్రికా పల్లె పిల్లల్లో తిన్నది బయటికి రావడానికి ఒకటిన్నర రోజు పడితే, తెల్ల రొట్టె తినే ఇంగ్లండు వాళ్లలో మూడు రోజులు దాటుతోంది. బర్కిట్ అక్కడ చూసినలాంటి ముతక తిండే మన అవ్వల కాలంలో ముద్దనూరులో, వేములలో, లింగాలలో ఇంటింటా ఉండేది.

అయితే గర్భిణి విషయంలో ప్రత్యేకంగా పీచు పనిచేస్తుందా? పనిచేస్తుంది. ఈ విషయం మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలను జల్లెడపట్టి కాక్రేన్ సంస్థ 2015లో ఒక సమీక్ష ప్రచురించింది. గోధుమ తవుడులాంటి పీచు తీసుకున్న గర్భిణులకు విరేచనం మరిన్ని సార్లు, మరింత మెత్తగా అయిందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన గర్భిణుల సంరక్షణ సూచనల్లో కూడా ముందు తిండి మార్చుకోండి, దానికి లొంగకపోతే గోధుమ తవుడో మరో రకం పీచో వాడండి అనే ఉంది. మందుల దుకాణానికి ముందు మన కంచం వైపు చూడమని అంత పెద్ద సంస్థే చెబుతోంది.

అందుకని రేపటి నుంచి మూడు పూటలా సంగటే తినమని కాదు. అలవాటు లేని కడుపులో ఒక్కసారిగా పీచు పడితే గ్యాసు పట్టి పొట్ట ఉబ్బుతుంది. మొదటి వారం ఒక పూట చాలు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, పుంటికూర పప్పు. తర్వాత మధ్యాహ్నం సంగటి, చింతాకు పప్పు లేదా అలసందల కూర. సాయంత్రం ఆకలేస్తే మైదా బిస్కట్ల బదులు గుప్పెడు శనగ గుగ్గిళ్లు. మునగాకు వేసిన పప్పు వారానికి రెండుసార్లు. అంగన్‌వాడీ నుంచి గర్భిణులకు ఇచ్చే సరుకుల్లో ఇటీవలి సంవత్సరాలుగా రాగిపిండి, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఎండు ఖర్జూరం ఉంటున్నాయి. ఆ రాగిపిండిని ఇంటిల్లిపాదికీ జావ కాచి పోయడమో, పక్కన పెట్టేయడమో జరుగుతోంది. అది కడుపుతో ఉన్న మనిషి వాటా, ఆమెకే చేరాలి.

పులివెందుల ప్రాంతానికి ఇంకో భాగ్యం ఉంది. చీనీ తోటలు, అరటి తోటలు. చీనీకాయ తొనలు తింటేనే పీచు. రసం పిండి తాగితే తీపీ, నీళ్లూ, విటమిన్ సి వస్తాయి గానీ పీచు పిప్పితో బయటికి పోతుంది. బాగా మాగిన అరటిపండు, జామపండు మంచివి. జామలో 100 గ్రాములకు 8 గ్రాముల పైన పీచు ఉంది, ధర కూడా అందరికీ అందేదే. ఇక బొప్పాయి. కడుపుతో ఉన్నవాళ్లు దాని ముఖం కూడా చూడకూడదని మన ఇళ్లలో కట్టడి. పచ్చిబొప్పాయి పాలల్లో గర్భసంచిని బిగించే గుణం ఉన్నట్టు ఎలుకల మీద జరిపిన ప్రయోగాల్లో కనిపించింది, పూర్తిగా పండిన కాయలో ఆ గుణం కనిపించలేదు. అయినా ఈ ఒక్క పండు కోసం అత్తాకోడళ్లు వాదులాడుకోనక్కర్లేదు. జామ ఉంది, అరటి ఉంది, చీనీ ఉంది. బొప్పాయి లేకపోయినా జరుగుతుంది.

నీళ్లు లేకుండా పీచు పనిచేయదు. సరికదా, ఎదురు తిరుగుతుంది. పీచు నీటిని పట్టుకుని మలాన్ని మెత్తగా ఉంచుతుంది. పట్టుకోవడానికి నీళ్లే లేకపోతే అదే పీచు ఇంకా బిగుసుకుంటుంది. కడప జిల్లాలో మే నెలలో ఎండ 43, 44 డిగ్రీల దాకా పోవడం మామూలే. ఆ ఎండలో చెమట రూపంలో పోయే నీళ్లకు లెక్క లేదు. మామూలు రోజుల్లో ఎనిమిది పది గ్లాసులు, ఎండాకాలంలో అంతకన్నా బాగా ఎక్కువ తాగాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలినన్ని తాగుతున్నట్టు, ముదురు రంగులోకి మారితే చాలనట్టు. పల్చటి మజ్జిగ, రాగి అంబలి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. టీ, కాఫీలను ఈ లెక్కలో వేసుకోవద్దు.

ఈ సలహా చెప్పడం తేలిక. పాటించాల్సిన మనిషి ఎక్కడ ఉందో కూడా చూడాలి. శనక్కాయ చేలో కలుపు తీసే కూలి మనిషికి చుట్టుపక్కల మరుగు ఉండదు. ప్రొద్దుటూరు బట్టల దుకాణాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలకు మరుగుదొడ్డికి పోవాలంటే ఎవర్నో అడగాలి. మగ్గం గుంతలో కూర్చున్న నేత ఆడవాళ్లు గంటల తరబడి లేవరు. ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ములో పనిచేసేవాళ్ల పరిస్థితీ అంతే. వీళ్లంతా ఏం చేస్తారు? నీళ్లు తాగడం మానేస్తారు. తాగితే పోవాల్సి వస్తుంది, పోవడానికి చోటు లేదు. వచ్చిన వేగాన్ని కూడా ఆపుకుంటారు. ఆపుకున్న ప్రతిసారీ మలం వెనక్కి పోయి మరింత ఎండుతుంది. కొన్నాళ్లకు ఆ వేగం రావడమే తగ్గిపోతుంది. గర్భిణి మలబద్ధకానికి మందు చెప్పేటప్పుడు యజమానులకు కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేం. మీ దగ్గర పనిచేసే ఆడవాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లుంటే వాళ్లకు నీళ్లూ, శుభ్రమైన మరుగుదొడ్డీ, అడగకుండా లేచి వెళ్లే స్వేచ్ఛా ఇవ్వండి. అది దయ కాదు, వాళ్ల హక్కు.

పొద్దున లేచి గోరువెచ్చని నీళ్లు తాగి, ఏదో ఒకటి తిన్న తర్వాత పావుగంటకూ అరగంటకూ మధ్య పెద్దపేగు దానంతటదే కదులుతుంది. కడుపులోకి ఆహారం పడగానే పేగుకు అందే సహజమైన సంకేతం అది. సరిగ్గా ఆ సమయంలోనే మన ఇళ్లలో ఆడవాళ్లు పిల్లల క్యారియర్లు సర్దుతూ, బిందెలు నింపుతూ ఉంటారు. కడుపుతో ఉన్న మనిషికి పొద్దున ఆ పదిహేను నిమిషాలు తీరిక ఇవ్వడం ఇంట్లో మిగతావాళ్లు చేయగలిగిన పెద్ద సాయం. గొంతుకూర్చునే దొడ్డి ఇందుకు అనువైనదే. నెలలు నిండినప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ బిగిస్తే పడిపోతామన్న భయం ఉండదు. కుర్చీలాంటి దొడ్డి వాడేవాళ్లు కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకొచ్చి దారి సుళువవుతుంది. డాక్టరు వద్దనకపోతే సాయంత్రం చల్లబడ్డాక అరగంట నడవాలి.

ఎర్రమాత్ర ఎలా వేసుకోవాలో కూడా చెప్పుకోవాలి. ఖాళీ కడుపున ఇనుము బాగా పడుతుంది గానీ వికారం ఎక్కువ. అందుకే భోజనమయ్యాక ఒక గంటకు వేసుకోమంటారు. నిమ్మరసం నీళ్లతో గానీ, ఒక చీనీకాయ తింటూ గానీ వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలతో వద్దు. కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. మలం నల్లబడితే భయపడకండి, అది మాత్రలోని ఇనుము వల్లే. ఇన్ని చేసినా కడుపు కట్టేస్తూనే ఉంటే మాత్రను మీరే ఆపకుండా డాక్టరుతో చెప్పండి. వేరే రకం ఐరన్ ఉంది, మోతాదు సర్దే వీలుంది, రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లకు నరంలోకి ఎక్కించే ఐరన్ ఇంజక్షనూ ఉంది. మీరు చెప్పకపోతే ఇవేవీ మీదాకా రావు.

తిండి, నీళ్లు, నడక మార్చుకున్నా వారం పది రోజుల్లో గుణం కనిపించకపోతే మందు తీసుకోవడంలో తప్పు లేదు. ఈసబ్‌గోల్ పొట్టు ఒకటి రెండు చెంచాలు ఒక నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన మరో గ్లాసు నీళ్లు తాగాలి. ఎర్రమాత్రకూ దీనికీ మధ్య కూడా రెండు గంటల ఎడం పాటించాలి. లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్పు రక్తంలోకి దాదాపు పోదు, పేగులోనే ఉండి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది. గర్భిణులకు వైద్యులు తరచుగా రాసేది ఇదే. డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి.

వద్దనేవి కూడా గట్టిగా చెప్పుకోవాలి. ఆముదం తాగొద్దు. మన పల్లెల్లో కడుపు శుభ్రానికి ఆముదం తాగించడం తరతరాల అలవాటు. గర్భిణి విషయంలో మాత్రం అది పేగుతోపాటు గర్భసంచినీ కదిలిస్తుంది, నొప్పులు తెప్పిస్తుంది. సునాముఖి ఆకు కషాయం, దానితో చేసిన చూర్ణాలు సొంతంగా వాడొద్దు. పేగును గిచ్చి కదిలించే మందులు పనిచేస్తాయి నిజమే. అవి కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు కూడా ఎక్కువగా తెస్తాయని కాక్రేన్ సమీక్షలోనే ఉంది. వాటిని ఇవ్వాలో వద్దో డాక్టరు తేల్చాలి. పేరూ, లోపల ఏముందో రాసిన చీటీ లేని పొడులు సంతలో, బస్టాండులో ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఎనిమా కూడా ఇంట్లో చేసుకునే పని కాదు.

చాలామందిని లోలోపల తినేసే భయం ఒకటుంది. గట్టిగా ముక్కితే బిడ్డ జారిపోతుందేమో అని. మామూలు గర్భంలో ముక్కడం వల్ల గర్భం పోదు. ఆ భయంతో దొడ్డికి వెళ్లడమే వాయిదా వేసేవాళ్లుంటారు, దానివల్ల ఇబ్బంది రెట్టింపవుతుంది. అయితే మాయ కిందికి ఉందని స్కానింగులో చెప్పినవాళ్లు మాత్రం ముక్కకుండా జాగ్రత్తపడాలి, మలం మెత్తగా ఉండేందుకు మందు ముందుగానే అడగాలి. రోజూ ముక్కడం వల్ల అందరికీ జరిగే నష్టం వేరే ఉంది. మొలలు దిగుతాయి, మలద్వారం అంచు చిట్లుతుంది. చిట్లిన చోట మంటకు భయపడి మళ్లీ ఆపుకుంటారు, మళ్లీ గట్టిపడుతుంది. ఈ చక్రం తిరగకముందే పట్టుకోవాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకూడదు. మలంలో రక్తం పడటం. గట్టి కడుపునొప్పి, వాంతులు, గాలి కూడా పోకపోవడం. జ్వరం. నొప్పి వచ్చి పోతూ, వచ్చి పోతూ ఉంటే అది మలబద్ధకం కాకుండా నెలలు నిండకముందే మొదలైన కాన్పు నొప్పి కావచ్చు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మలబద్ధకంతోపాటు విపరీతమైన నీరసం, చలి ఎక్కువ అనిపించడం, చర్మం ఎండిపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించమని అడగాలి. థైరాయిడ్ తక్కువైనా పేగు మందగిస్తుంది, అది బిడ్డ మెదడు ఎదుగుదలకూ సంబంధించిన విషయం.

కాన్పు అయ్యాక ఈ బాధ దానంతటదే పోతుందని అనుకుంటారు. మన దగ్గర చాలా ఇళ్లలో అప్పుడే ముదురుతుంది. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలని, ఆకుకూర పెట్టకూడదని, కారప్పొడి అన్నమే పథ్యమని పెద్దవాళ్ల పట్టుదల. పైగా కుట్ల నొప్పి. ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరుగుతున్నాయని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. కడుపు కోసి కుట్టిన మనిషికి మలం గట్టిపడితే ఆ బాధ మాటల్లో చెప్పేది కాదు. పాలిచ్చే తల్లికి గర్భిణి కన్నా ఎక్కువ నీళ్లు కావాలి. పుట్టింట్లో అమ్మలు, అవ్వలు ఈ ఒక్క పథ్యాన్ని సడలించండి. అడిగినన్ని నీళ్లు ఇవ్వండి, పప్పులో ఆకుకూర వేయండి.

చివరగా ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, డాక్టర్లకు ఒక విన్నపం. ఆమె నోరు తెరిచి చెప్పదని మీకు తెలుసు. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే వేసుకుంటున్నానంటుంది. దాని బదులు, మాత్రలు వేసుకుంటుంటే దొడ్డికి ఎలా అవుతోందమ్మా అని మీరే అడగండి. వినేవాళ్లలో కడుపుతో ఉన్న ఆడబిడ్డలుంటే, వాళ్ల అత్తలు, భర్తలు ఉంటే, ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు ఈ మాట తప్పక చెప్పండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆ రోజు మిగిలిపోయిన ఎర్రమాత్రల అట్ట కూడా వెంట తీసుకెళ్లండి.